చేతికి చీపురిచ్చి నోటికి తాళమా?

కరీంనగర్, ఆదిలాబాద్ విద్యార్థుల ‘సేవ’ ఎవరి కోసం?

ఏటా సెప్టెంబర్ 24 వస్తే కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల, ఆదిలాబాద్ డిగ్రీ కాలేజీల ముందట ఒకటే తంతు. జాతీయ సేవా పథకం, అదే మన ఎన్ఎస్ఎస్ పుట్టినరోజు. ఫ్లెక్సీ కడతారు. పిల్లల చేతుల్లో చీపుర్లు పెడతారు. ముఖ్య అతిథి వచ్చి రెండు నిమిషాలు ఊడ్చినట్టు చేసి ఫొటో దిగుతాడు. యువతే దేశానికి వెన్నెముక అని ఉపన్యాసం దంచుతాడు. తెల్లారి జిల్లా పేజీలో ఆ ఫొటో. ఊడ్చిన జాగలో సాయంత్రానికే మళ్లీ చెత్త. కాలేజీలో లెక్చరర్ కుర్చీ ఖాళీ, ల్యాబుకు తాళం, ఊళ్లో పంతులు లేని బడి. వీటిలో ఏదీ మారదు.

సేవ వద్దని మేము అనడం లేదు. చదువుకున్న పిల్లలు మట్టి ముట్టాలె, చెమట పట్టాలె, ఊరు చూడాలె. మేము అడిగేది ఒక్కటే. విద్యార్థి చేసే సేవ ప్రజలకా, పాలకులకా? సర్కారు చెయ్యాల్సిన పనిని పుక్కటికి చేసిపెట్టి, ఎందుకు చెయ్యలేదని అడగకుండా ఇంటికి పోవడాన్ని సేవ అందామా? మేము అనం. దాన్ని వెట్టి అంటాం. వెట్టిని కొట్లాడి తరిమిన గడ్డ ఇది. ఆ వెట్టి టీషర్టు తొడుక్కుని కాలేజీ గేటు దాకా వస్తే గుర్తుపట్టలేనంత అమాయకులం కాము.

1969లో ఇద్దరు విద్యార్థులు

ఎన్ఎస్ఎస్ పుట్టింది 1969లో. గాంధీ శతజయంతి సంవత్సరం. 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేల మంది విద్యార్థులతో మొదలుపెట్టారు. ‘నేను కాదు, నువ్వు’ అనేది దాని నినాదం. మంచి నినాదమే.

అదే 1969లో తెలంగాణలో ఏం జరిగిందో ఈ పత్రిక పాఠకులకు చెప్పాల్సిన పని లేదు. జనవరిలో ఖమ్మంలో రాజుకున్న నిప్పు ఉస్మానియాకు అంటుకుంది. పెద్దమనుషుల ఒప్పందం ఏమైంది, మా ఉద్యోగాలు ఎవరు తిన్నారు, మా మిగులు నిధులు ఎక్కడికి పోయాయి అని విద్యార్థులు అడిగారు. జవాబుగా లాఠీ వచ్చింది, తూటా వచ్చింది. ఆ ఏడాది నేలరాలిన వాళ్లు 369 మంది అని ఉద్యమం ఇప్పటికీ లెక్క చెప్పుకుంటుంది.

ఎన్ఎస్ఎస్‌ను తెలంగాణను అణచడానికి పెట్టారని మేము చెప్పబోము. అది అబద్ధం అవుతుంది. కానీ ఆ ఏడాది కనబడ్డ ఇద్దరు విద్యార్థులను పక్కపక్కన నిలబెట్టి చూడండి. ఒకడు రోడ్డు ఊడ్చాడు, వాడికి సర్టిఫికెట్ వచ్చింది. ఇంకొకడు ఆ రోడ్డుకు వచ్చిన పైసలు ఎటు పోయాయని అడిగాడు, వాడికి తూటా వచ్చింది. ఇద్దరిదీ ఒకటే వయసు, ఇద్దరూ ‘నేను కాదు, నువ్వు’ అన్నవాళ్లే. పాలకుడికి ఏ విద్యార్థి ముద్దో, ఏ విద్యార్థి చేదో అప్పుడే తేలిపోయింది. జెండాలు మారినా ఆ రుచి మారలేదన్నదే మా ఫిర్యాదు.

శ్రమ మీది, పేరు మాది

ఉమ్మడి రాష్ట్రంలో ఈ విద్యను బాగా వంటబట్టించుకున్నది చంద్రబాబు సర్కారు. 1997 జనవరిలో జన్మభూమి మొదలుపెట్టారు. శ్రమదానం అన్నారు. క్లీన్ అండ్ గ్రీన్ అన్నారు. మీ రోడ్డు మీరే పోసుకోండి, మీ చెరువు పూడిక మీరే తీసుకోండి అన్నారు. బడి పిల్లలను, కాలేజీ పిల్లలను వరుసగా నిలబెట్టి తట్టలు మోయించారు. గోదావరి డెల్టాకు కాటన్ కాలువలు శ్రమదానంతో వచ్చాయా? సర్కారు ఖజానాతో వచ్చాయి. నిండిన చెరువుకు ఖజానా, ఎండిన చెరువుకు శ్రమదానమా?

దాని వెంటే వచ్చింది విద్యా వాలంటీర్ అనే మాట. బడిలో టీచర్ పోస్టు ఖాళీ పెట్టి, డిగ్రీలు చదివిన పిల్లలను కూలి కూడా గిట్టని పైసలకు కూర్చోబెట్టి, దానికి స్వచ్ఛందం అని పేరు పెట్టారు. ఎవరి స్వచ్ఛందం? ఉద్యోగం దొరకని పిల్ల ఆకలిని స్వచ్ఛందం అంటారా? ఉద్యోగ మిత్రులు ఈ ముచ్చట యాది పెట్టుకోవాలె. వాలంటీర్ అనే మాట ముందు గుమ్మంలోంచి లోపలికి వస్తుంటే, పోస్టు అనే మాట వెనుక గుమ్మంలోంచి బయటికి పోతుంది. నీళ్లు, నిధులు, నియామకాలు అని కొట్లాడిన మనకు ఈ మాట ఉత్త మాటగా కనబడొద్దు.

అవ్వ అడిగిన ప్రశ్న

మేమూ ఎన్ఎస్ఎస్ బిల్ల పెట్టుకున్నవాళ్లమే. కోణార్క్ రథచక్రం, ఎనిమిది ఆకులు, ఎనిమిది జాములూ సేవకు సిద్ధం అని అర్థం చెప్పారు. డిగ్రీలో మా యూనిట్ ఏడు రోజుల ప్రత్యేక శిబిరానికి కరీంనగర్ జిల్లాలో ఒక ఊరికి పోయింది. బడికి సున్నం వేశాం. పిచ్చిచెట్లు కొట్టాం. బడి ముందట మొక్కలు నాటాం. ఐదు తరగతులకు ఒకడే పంతులు ఉన్న బడి అది. ఆ ఒక్కడినీ డిప్యుటేషన్ మీద వేరే ఊరికి పంపారట. మేము పోయిన నాడు బడికి తాళం ఉంది. తాళం తీయించుకుని సున్నం వేశాం.

నాలుగో రోజు ఒక అవ్వ వచ్చి నిలబడింది. కొంచెం సేపు చూసి అన్నది: “బిడ్డా, ఊడ్సుడు మాకు రాదా? పుట్టిన కాన్నుంచి గదే కదా మా పని. మీరు సదువుకున్నోళ్లు. మా బడికి పంతులు ఎప్పుడొస్తడో గది అడిగి సెప్పున్రి, మీకు పున్నెముంటది.”

మా దగ్గర జవాబు లేదు. మా సార్‌ను అడిగితే “అది మన పని కాదు, మనది సేవ వరకే” అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. శిబిరానికి సామాన్లు తక్కువ పడితే సొంత జేబులోంచి పెట్టినవాడు. ఎందుకు తక్కువ పడుతుందంటారా? ఏడు రోజుల శిబిరానికి ఒక్కో వాలంటీర్‌కు సర్కారు ఏళ్ల తరబడి ఇచ్చింది 450 రూపాయలు. రోజుకు 65 రూపాయలు కూడా పడవు. అందులోనే తిండి, అందులోనే బండి కిరాయి. సేవకు సర్కారు కట్టిన వెల అది. ఆ రాత్రి ఊరి నడుమ పరిశుభ్రత మీద నాటకం వేశాం. ఏడో రోజు సర్టిఫికెట్లు తీసుకుని ఇంటికొచ్చాం. అవ్వ ప్రశ్న అక్కడే ఉండిపోయింది.

ఆ ప్రశ్నే మాకు దారి చూపింది. ఊడ్చడానికి ఊరికి మనిషి కొదువ లేదు. అడగడానికే కొదువ. చదువుకున్నవాడు ఊరికి చెయ్యగల అసలు సేవ, ఊరు అడగలేని చోట అడగడం. ఆ పని తప్ప మిగతా పనులన్నీ మాతో చేయించారు.

రోడ్డు మీద నేర్చిన సేవ

2009 నవంబర్ 29న కరీంనగర్ పక్కన అలుగునూరు దగ్గర కేసీఆర్‌ను అరెస్టు చేశారు. ఆ నాటి నుంచి మా తరం చదువు రోడ్డు మీదనే సాగింది. 2010 జనవరి 3న ఉస్మానియాలో విద్యార్థి గర్జన, ఫిబ్రవరి 7న కాకతీయలో పొలికేక. ఆ రెంటి నడుమ విద్యార్థులు ఊరూరా పాదయాత్రలు చేశారు. ఏ ఊళ్లో ఏ చెరువు తెగింది, ఏ మిల్లు మూతపడ్డది, ఏ ఇంటి కొడుకు దుబాయికి పోయి శవపెట్టెలో వచ్చిండు అని నోటు పుస్తకాల్లో రాసుకున్నారు. ఏ యూనివర్సిటీ సిలబస్‌లో ఉంది ఆ చదువు?

2011 సెప్టెంబర్ 13 నుంచి అక్టోబర్ 24 దాకా 42 రోజులు సకల జనుల సమ్మె. ఉద్యోగి జీతం వదులుకున్నాడు. సింగరేణి కార్మికుడు బాయి దిగలేదు. వంటావార్పులో రోడ్డు మీద పొయ్యి పెట్టినప్పుడు ఎవరు ఎంత బియ్యం తెచ్చారో రాసిపెట్టింది విద్యార్థి. ముసలోళ్లకు ముందు వడ్డించింది విద్యార్థి. అంబులెన్సు వస్తే జనాన్ని జరిపి తొవ్వ ఇప్పించింది విద్యార్థి. బడులు బంద్ అయితే గుడి అరుగు మీద పిల్లలను కూర్చోబెట్టి ఎక్కాలు చెప్పినవాళ్లం మాలో ఉన్నాం. ఏడాదికి 120 గంటలు అని ఎన్ఎస్ఎస్ నియమం. మేము గంటలు లెక్కబెట్టలేదు. మాకెవరూ సర్టిఫికెట్ ఇవ్వలేదు. చాలామందికి ఇచ్చింది కేసులే.

ఈ సేవకూ ఆ సేవకూ తేడా ఏంది? పని అదే. వండుడు, వడ్డించుడు, చదువు చెప్పుడు. కానీ ఇక్కడ పని పక్కన ప్రశ్న ఉంది. ప్రశ్న ఉన్నందుకే ఆ పనికి జనం కదిలారు. ప్రశ్న తీసేస్తే మిగిలేది చీపురే.

ఈ నేలకు ఇది కొత్త కూడా కాదు. 1978లో రాడికల్ విద్యార్థులు ‘గ్రామాలకు తరలండి’ అని ఎండాకాలం సెలవుల్లో పల్లెబాట పట్టారు. దొర గడీ ముందు పాలేరు ఎందుకు చెప్పులు విడవాలని అడిగారు. ఆ ఏడాది సెప్టెంబర్ 7న జగిత్యాలలో వేలాది రైతుకూలీలు కదిలితే, అక్టోబర్‌లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఆ రాజకీయాలతో, ఆ తర్వాత వాళ్లు పట్టిన తొవ్వతో ఏకీభవించొచ్చు, విభేదించొచ్చు. కానీ విద్యార్థి సెలవుల్లో పల్లెకు పోయి ఊడ్చి వస్తే మెచ్చే సర్కారు, అడిగి వస్తే చట్టం తెస్తుందని కరీంనగర్‌కు ఎవరూ కొత్తగా నేర్పాల్సిన పని లేదు.

మార్లవాయి చెప్పే పాఠం

ఇక ఆదిలాబాద్. 1940లో జోడేఘాట్ దగ్గర కొమురం భీంను కాల్చి చంపాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాల్సిన అవసరం నిజాం సర్కారుకు పడ్డది. హైమండార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్త వచ్చాడు. మార్లవాయిలో గోండుల నడుమ కాపురమున్నాడు. భూమి ఎవరిది, ఎవరి చేతికి ఎట్లా పోయింది, వీళ్ల భాష ఏంది అని అడిగాడు. 1943లో మార్లవాయిలో గోండు యువకులను టీచర్లుగా తయారుచేసే కేంద్రం మొదలైంది. పిల్లలకు గోండిలోనే వాచకాలు రాయించారు. భూములకు పట్టాలు ఇప్పించారు. ఆయన తర్వాత ఉస్మానియాలో ప్రొఫెసర్‌గా పాఠం చెప్పాడు.

నిజాం మీద మాకు ప్రేమ లేదు. భీం నెత్తురు కారితే తప్ప ఆ సర్కారుకు సోయి రాలేదని మరిచిపోము. కానీ చదువుకున్న మనిషి గూడేనికి పోతే ఏం చెయ్యాలె అన్నదానికి మార్లవాయి ఒక జవాబు. ఆయన గూడెం ఊడ్వలేదు. అసలు గోండు గూడెం కంటే శుభ్రంగా మన పట్నాల్లో ఏ వీధి ఉందో చూపించండి!

ఇంకో జవాబు నార్నూరు మండలం గుంజాల. గోండికి సొంత లిపి ఉందన్న సంగతి చదువుకున్న లోకానికి తెలియదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ నుంచి జయధీర్ తిరుమలరావు బృందం ఆ ఊరికి పోయింది. ఊరి పెద్దలు దాచిన రాతప్రతులను చూసి, వాళ్ల దగ్గరే కూర్చుని ఆ అక్షరాలు నేర్చుకుంది. 2018లో గుంజాల గోండి లిపికి యూనికోడ్‌లో చోటు దొరికింది. ఊరికి నేర్పుదామని కాక, ఊరి దగ్గర నేర్చుకుందామని పోతే వచ్చిన ఫలితం ఇది.

మరి ఆ ఆదిలాబాద్‌కు పాలకులు ఇచ్చిందేంది? ఉమ్మడి రాష్ట్రం పోయిన 2014లో ఆ జిల్లాకు సంప్రదాయ విశ్వవిద్యాలయం లేదు. స్వరాష్ట్రానికి పదేళ్లు నిండిన 2024లో కూడా లేదు. ఒక్క జిల్లా నాలుగు జిల్లాలైంది, నాలుగింటిలో ఒక్క దానికీ రాలేదు. బాసరలో 2008లో ట్రిపుల్ ఐటీ వచ్చింది గాని, అది రాష్ట్రమంతటి పిల్లలకు ఇంజనీరింగ్ చెప్పే సంస్థ. డిగ్రీ చదివే ఆదివాసీ పిల్లగాడి మార్కుల మెమోలో తప్పు పడితే రెండు వందల యాభై కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి వరంగల్ కాకతీయ గేటు ముందు నిలబడాలె. వాడి చేతికి చీపురిచ్చి సమాజ సేవ చెయ్యమంటారా? ముందు వాడికి చెయ్యాల్సిన సేవ సంగతి చెప్పండి.

స్మార్ట్ సిటీలో చెత్తగుట్ట

కరీంనగర్ సంగతి చూద్దాం. 2017లో స్మార్ట్ సిటీల జాబితాలో పేరొచ్చింది. రోడ్లకు రంగులొచ్చాయి, కూడళ్లకు బొమ్మలొచ్చాయి. స్వచ్ఛతా కార్యక్రమాలకు విద్యార్థుల ర్యాలీలు తీశారు. అదే నగరం చెత్తంతా ఏళ్ల తరబడి మానేరు ఒడ్డున గుట్టపడ్డది. ఆ గుట్టకు నిప్పంటుకుంటే చుట్టుపక్కల కాలనీలు పొగలో దగ్గుకుంటూ బతికాయి. కలెక్టరేట్ రోడ్డు మీద పది కాగితాలు ఏరిన పిల్లలను మానేరు ఒడ్డుకు తీసుకుపోయి, “ఇది ఇక్కడ ఎవరు పోశారు, ఎందుకు పోశారు, కింద నీళ్లకు ఏమైతది, పరీక్ష చేసి రాయండి” అని ఎందుకు అనలేదు? కెమిస్ట్రీ చదివే పిల్లలు లేరా? ల్యాబు లేదా? ఉన్నాయి. అది సేవ కింద రాదు, ఎందుకంటే దానికి జవాబు చెప్పాల్సినవాడు ముఖ్య అతిథి కుర్చీలో కూర్చుని ఉంటాడు.

శాతవాహన విశ్వవిద్యాలయం 2008లో వచ్చింది. కరీంనగర్ పిల్లల చిరకాల కోరిక అది. స్వరాష్ట్రంలో దాన్ని ఏళ్ల తరబడి ఇన్‌చార్జి అధికారులతో నడిపారు. 2021 మేలో పది విశ్వవిద్యాలయాలకు ఒక్కసారే వైస్ ఛాన్సలర్లను వేసేదాకా దానికి మొగుడు లేడు. పెద్ద లేని ఇంటి పిల్లలను ఊరికి పెద్దరికం చెయ్యమని పంపినట్టుంది మనవాళ్ల తీరు.

రాష్ట్రం వచ్చింది, తీరు మారిందా?

2014 జూన్ 2న తెలంగాణ వచ్చింది. మేము ఏడ్చినం ఆ రోజు, సంతోషంతో. అమరుల తల్లుల ముఖం చూసి ఇంకోసారి ఏడ్చినం. ఇగ మన పాలన, మన లెక్క అనుకున్నం.

ఏం జరిగింది? విద్యా వాలంటీర్ అనే మాట పోలేదు. జీతం పన్నెండు వేలు చేశారు. అదే గొప్ప అన్నారు. 2020లో కరోనా వచ్చింది, ఆ పన్నెండు వేలూ పోయాయి. బడులు మళ్లీ తెరిచారు గాని వాళ్లను మళ్లీ పిలవలేదు. ఉద్యమంలో మా పక్కన నడిచిన ఆడబిడ్డలు వాళ్లలో ఉన్నారు. రాష్ట్రం వచ్చాక టీచర్ పోస్టుల నోటిఫికేషన్ 2017లో 8,792 పోస్టులకు వస్తే, ఆ తర్వాత 11,062 పోస్టులకు వచ్చేసరికి 2024 అయింది. నడుమ ఏడేళ్లు అవ్వ ఊరి బడిలాంటి బడులు ఎట్లా నడిచాయో ఎవరు చెప్పాలె?

అదే 2020 ఏప్రిల్, మే నెలల్లో వలస కూలీలు నాగపూర్ తొవ్వ పట్టి నెత్తిన మూటలతో నడిచిపోతుంటే నిర్మల్, ఆదిలాబాద్ దగ్గర యువకులు అన్నం పొట్లాలు ఇచ్చారు, చెప్పులిచ్చారు. ఎవరి సర్క్యులర్ కోసం చూడలేదు. 2022 జూన్‌లో బాసర విద్యార్థులు వైస్ ఛాన్సలర్ కావాలె, టీచర్లు కావాలె, మెస్సు బాగుండాలె అని 12 డిమాండ్లతో వారం రోజులు ఎండకు వానకు కూర్చున్నారు. అన్నం పొట్లం ఇచ్చిన విద్యార్థిని మెచ్చుకున్నారు. మాకు మంచి అన్నం పెట్టమన్న విద్యార్థి ముందు గేట్లు మూసి పోలీసులను నిలబెట్టారు. 1969 నాటి ఇద్దరు విద్యార్థుల ముచ్చట యాదికి వస్తలేదా?

ఢిల్లీ సంగతి వేరే చెప్పాలా? 2023 అక్టోబర్ 31న మేరా యువ భారత్ పేరుతో ఒక వేదిక పెట్టారు. పేరు నమోదు చేసుకో, సేవ చెయ్యి, ఫొటో పెట్టు. ఎంతమంది చేరారు అన్న లెక్కే గాని ఎన్ని సమస్యలు తీరాయన్న లెక్క మాకు వినబడలేదు.

‘రాజకీయం’ అనే బూచి

మా మాటకు ఒక జవాబు తయారుగా ఉంటుంది. “విద్యార్థులకు రాజకీయాలెందుకు? ఎంతో కొంత మంచి జరుగుతున్నది కదా, చెడగొట్టుడెందుకు?” నిజమే, కొంత మంచి జరుగుతుంది. రక్తదాన శిబిరంలో ఇచ్చిన సీసా ఒక ప్రాణం నిలబెడుతుంది. నాటిన మొక్కల్లో కొన్ని బతుకుతాయి. నిజాయతీగా పనిచేసే ప్రోగ్రాం ఆఫీసర్లు ప్రతి కాలేజీలో ఉన్నారు. వాళ్లకు మా దండం. మా కొట్లాట వాళ్లతో కాదు.

కానీ బడికి సున్నం వెయ్యడం సేవ, పంతులు ఏడని అడగడం రాజకీయం అని గీత గీసిందెవరు? ఆ గీతే పెద్ద రాజకీయం. వాగు పొంగి నిండు చూలాలిని ఎడ్లబండి మీద దాటిస్తుంటే బండి నెట్టడం సేవనా? వంతెన మంజూరు కాగితం ఏ బల్ల కింద ఉందో కనుక్కోవడం రాజకీయమా? వానాకాలం రాగానే ఏజెన్సీ గూడేల్లో జ్వరాలతో జనం మంచం పడితే దోమతెర పంచే ఫొటోలో నిలబడితే చాలా, ఆ దవాఖానలో డాక్టర్ పోస్టు ఖాళీగా ఉందని గోడ మీద రాయొద్దా? రెండూ చెయ్యాలె. బండి నెట్టాలె, వంతెన అడగాలె.

మా డిమాండ్లు

ఉత్త తిట్లతో ముగించడం మా పద్ధతి కాదు. మేము ఏం కోరుతున్నామో చెబుతున్నాం.

ఒకటి. ప్రతి ఎన్ఎస్ఎస్ యూనిట్ దత్తత తీసుకున్న ఊరి లెక్క తీయాలె. టీచర్ పోస్టులెన్ని, నిండినవెన్ని. దవాఖాన ఎంత దూరం, డాక్టర్ ఉన్నాడా లేడా. పట్టా లేని రైతులెంతమంది, గల్ఫ్‌కు పోయినవాళ్లెంతమంది. ఆ లెక్కను గ్రామసభలో గట్టిగా చదవాలె. 2005 నుంచి సమాచార హక్కు చట్టం ఉంది. దరఖాస్తు రాయడం ప్రతి వాలంటీర్‌కు నేర్పాలె.

రెండు. ఉట్నూరు, ఆసిఫాబాద్, ఇచ్చోడ పిల్లల్లో గోండి, కొలామి మాట్లాడేవాళ్లు ఉన్నారు. గూడెం బడిలో చిన్నపిల్లలకు వాళ్ల భాషలో మొదటి అక్షరం చెప్పే పని వాళ్లకు ఇవ్వాలె. కానీ టీచర్ పోస్టుకు బదులుగా కాదు. టీచర్ ఉండగా, టీచర్ పక్కన.

మూడు. వాలంటీర్ అనే పేరుతో ఏ ఖాళీ పోస్టునూ నింపొద్దు. పనికి జీతం, పోస్టుకు మనిషి.

నాలుగు. ఆదిలాబాద్‌కు పూర్తిస్థాయి విశ్వవిద్యాలయం కావాలె. హామీలు, శంకుస్థాపన రాళ్లు కాదు, తరగతి గదులు కావాలె.

అయిదు. సేవ చేసిన విద్యార్థి ప్రశ్న అడిగితే కేసు పెట్టొద్దు.

విద్యార్థి మిత్రులారా, రేపు మీ చేతికి చీపురిస్తే తీసుకోండి. సిగ్గుపడాల్సిన పని కాదు, మన అమ్మలు రోజూ చేసే పనే. ఊడ్చండి. ఊడ్చినంక ముఖ్య అతిథి ఫొటోకు రమ్మంటే ఆయన పక్కనే నిలబడి, “సారూ, ఈ ఊరి బడికి పంతులు ఎప్పుడొస్తడు?” అని ఒక్క మాట అడగండి. ఫొటోలో మీ ముఖం రాకపోవచ్చు. కానీ ఊరు మిమ్మల్ని గుర్తుపెట్టుకుంటది.

ఆ అవ్వకు మేము జవాబు బాకీ ఉన్నాం. ఆమె బాకీ తీరేదాకా తెలంగాణ వచ్చిందని పూర్తిగా అనలేము.

జై తెలంగాణ!